ఎల్లో ల్యాబ్ పిల్లలు చివరికి నిలిచాయి

మా బరంపురంలో ఎంబూనా చేపలు, అంటే ఆఫ్రికాలోని మలావీ సరస్సులో రాళ్ల మధ్య బతికే చేపలు పెంచేవాళ్లు తక్కువ. నా దగ్గరున్నవి వాటిలో పసుపు రంగు రకమైన ఎల్లో ల్యాబ్‌లు. ఆడచేప గుడ్లను నోట్లోనే పొదుగుతుంది. దవడ కింద ఉబ్బుతుంది, మేత దాదాపు ముట్టదు. పిల్లలు బయటికి రావడానికి 3 వారాలు పడుతుంది. మా ఆడచేపలు మాత్రం వారం తిరక్కుండానే గుడ్లు మింగేసేవి. చాలా టెన్షన్ పడ్డాను.

గమనిస్తే, మగచేపలు వాటిని ఊపిరి సలపనివ్వకుండా తరుముతున్నాయి. అందుకే తొట్టి వెనకవైపు పొడవునా, నీటి మట్టం దాకా రాళ్లు పేర్చి, ఆడచేప దూరేంత సందులు వదిలాను. ఈ చేపలు ఇసుక తవ్వేస్తాయి, కాబట్టి ముందు రాళ్లు కదలకుండా నిలిపి, ఆ తర్వాతే ఇసుక పోయాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. ఒక మగచేపకు మూడు ఆడచేపల చొప్పున ఉంచి, మిగతా మగవాటిని తెలిసినవాళ్లకు ఇచ్చేశాను.

వానాకాలంలో నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాల కొలత) 7 కిందికి జారేది. గోపాలపూర్ తీరంలో ఏరిన ఆల్చిప్పలను మరిగించి, పగలగొట్టి ఫిల్టర్‌లో వేశాక 8 దగ్గర నిలుస్తోంది.

నోరు నిండిన ఆడచేపను రెండు వారాలు దాటాక, రాత్రి లైటు ఆర్పి, విడి తొట్టిలోకి మారుస్తున్నాను. పిల్లల్ని వదిలాక తల్లికి కొన్నాళ్లు అడ్డుతెర వెనకే మేత పెట్టి, బలం పుంజుకున్నాకే పెద్ద తొట్టిలో వేస్తాను. పిల్లలకు మెత్తగా నూరిన స్పైరులినా (ఒక రకం నాచు) మేత.