ఫిట్స్ వస్తే ముక్కులో స్ప్రే: మా ఇంట్లో ఎలా వేస్తామంటే

సీసా ఇంటికొచ్చిన రోజే దాని మీద తెల్ల ప్లాస్టర్ ముక్క అంటించి, ఒక్కో ముక్కులో ఎన్ని పఫ్‌లో పెన్నుతో రాసేయండి. మా గుంటడిది ‘3+3’. వాడికి అయిదేళ్లు, 15 కిలోలు. విశాఖలో డాక్టర్ గారు బరువు చూసి, పఫ్‌కి 0.5 మిల్లీగ్రాములుండే మిడజోలం స్ప్రేకి వేసిన లెక్క అది. మీ లెక్క మీ డాక్టరే చెప్పాలి. పిల్లాడు కొట్టుకుంటుంటే ఎవరికీ ఎక్కాలు గుర్తురావు.

ఓసారి మందుల షాపులో పఫ్‌కి 1.25 మిల్లీగ్రాములుండే సీసా ఇచ్చారు. అవే ఆరు పఫ్‌లు కొట్టుంటే మందు రెండున్నర రెట్లయ్యేది, ఊపిరే మందగించవచ్చు. ఇంట్లో చూసి వెనక్కి పంపాను. మందు పేరొక్కటే చూస్తే చాలదు, అంకె చదవాలి.

ముక్కే ఎందుకంటే, దవడ బిగుసుకుపోతే మాత్ర వేయలేం, వేస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ముక్కు లోపలి పొర పల్చన, నిండా రక్తనాళాలు. మందు కాలేయం దాకా వెళ్లకుండా అక్కడే రక్తంలో కలిసి, నిమిషాల్లో మెదడుకి చేరుతుంది. ఆ పొర పట్టేది కొన్ని చుక్కలే. అందుకే రెండు ముక్కుల్లోకీ పంచుతాం. ఒక్కదాంట్లోనే కొడితే గొంతులోకి జారిపోతుంది.

ఫిట్స్ మొదలవగానే టైం చూడండి. అయిదు నిమిషాలు దాటితే, లేదా మీ డాక్టర్ చెప్పిన సమయానికి, స్ప్రే. చీమిడి ఉంటే తుడవండి. కొత్త సీసాని, చాన్నాళ్లు వాడనిదాన్ని ముందు గాల్లో నొక్కి, సన్నటి తుంపర వచ్చాకే వాడాలి. నేను మొదటిసారి ఇది మరిచిపోయాను, రెండు నొక్కులూ గాలే! తల కాస్త ఎత్తి, సీసా నిటారుగా పట్టి నొక్కాలి. తర్వాత పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో నీళ్లు, చెంచా ఏవీ పెట్టకండి. నిద్రపోతాడు, అది మామూలే. ఊపిరి మాత్రం చూస్తూనే ఉండండి. అది తేడాగా ఉన్నా, మరో అయిదు నిమిషాలకి ఆగకపోయినా 108. తొలిసారి ఫిట్స్ అయితే ముందే చేయండి.

నరసన్నపేటలో పెళ్లికెళ్తే అక్కడే వచ్చింది. పెద్దమ్మ తాళాల గుత్తి పట్టుకుని పరుగున వచ్చింది, “ఓలమ్మో, చేతిలో ఇనుం పెట్టండర్రా!” అంటూ. వాదించే టైమా అది? “పెద్దమ్మా, నువ్వు ఫోన్‌లో నిమిషాలు లెక్కెట్టు” అని ఫోన్ చేతికిచ్చాను. ఒక్కో నిమిషానికీ గట్టిగా అరిచి చెప్పింది. తాళాలు ఆవిడ చేతిలోనే ఉండిపోయాయి.