విదేశంలో కమ్యూనికేషన్ ఎం.ఏ.కు దరఖాస్తు విధానం: సరిహద్దు విద్యార్థుల పేర్ల చిక్కు

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల నుంచి అమెరికా విశ్వవిద్యాలయాల్లో కమ్యూనికేషన్ ఎం.ఏ.కు దరఖాస్తు చేసే తెలుగు విద్యార్థులు మార్కులు బాగానే ఉండి, వ్యాసం బాగానే రాసుకుని, కాగితాల మీద పేర్లు కలవక నెలల తరబడి నిలిచిపోవడం చూస్తున్నాము. ఇది పరిష్కారం లేని సమస్య కాదు, పెద్ద ఖర్చుతో కూడినదీ కాదు. అయినా ఈ భయాన్నే ఆసరాగా చేసుకుని అక్కరలేని అఫిడవిట్లు (ప్రమాణ పత్రాలు) చేయించి డబ్బు గుంజే మధ్యవర్తులు ఉన్నారు కనుక ఈ వివరణ.

మామూలు మెట్లు అందరికీ తెలిసినవే. ఆగస్టులో మొదలయ్యే చదువుకు చాలాచోట్ల గడువు అంతకు ముందటి డిసెంబరు నుంచి ఫిబ్రవరి లోపు ముగుస్తుంది. అసిస్టెంట్‌షిప్ (బోధన, పరిశోధనల్లో సాయపడుతూ పొందే ఆర్థిక సహాయం) కోరేవారికి ఇంకా ముందే ముగియవచ్చు. ఆన్‌లైన్ దరఖాస్తు, రుసుము, ట్రాన్‌స్క్రిప్టు (డిగ్రీ మార్కుల అధికారిక పట్టిక), ఈ చదువు ఎందుకో చెప్పే ఉద్దేశ వ్యాసం, సాధారణంగా మూడు సిఫారసు లేఖలు, రచనల నమూనా, ఇంగ్లీషు పరీక్షలైన టోఫెల్ లేదా ఐఇఎల్‌టీఎస్ స్కోరు కావాలి. ఆ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది. మూడేళ్ల డిగ్రీని కొన్ని విశ్వవిద్యాలయాలు అంగీకరిస్తాయి, కొన్ని పదహారేళ్ల చదువు అడుగుతాయి. దరఖాస్తు రుసుము తిరిగి రాదు కాబట్టి ఈ సంగతి ముందే ఈమెయిల్‌లో అడిగి తెలుసుకోవాలి.

ఇక అసలు చిక్కు. పదో తరగతి ఒడిశా బోర్డులో చదివి, ఇంటర్‌కు పాతపట్నమో శ్రీకాకుళమో దాటి, డిగ్రీ విశాఖపట్నంలోనో భంజబిహార్‌లోని బరంపురం విశ్వవిద్యాలయంలోనో పూర్తి చేసిన విద్యార్థి పేరు మూడు చోట్ల మూడు రకాలుగా ఉండటం ఇక్కడ వింత కాదు. ఒడిశా బడిలో ఇంటిపేరు చివరకు వెళుతుంది, ఆంధ్ర కళాశాలలో అది ముందు వచ్చే ఒక పొడి అక్షరంగా మిగులుతుంది. ఒడియాలో మన ‘వ’ చాలావరకు ‘బ’గా పలుకుతుంది కాబట్టి శ్రీనివాస్ కాస్తా ఇంగ్లీషు అక్షరాల్లో శ్రీనిబాస్ అవుతాడు, వెంకట్ బెంకట్ అవుతాడు. ఊళ్లో ఎవరూ పట్టించుకోని ఈ తేడా విదేశీ ప్రవేశాల కార్యాలయంలో మాత్రం ఇద్దరు మనుషులుగా కనిపిస్తుంది. ట్రాన్‌స్క్రిప్టు చేరినా దరఖాస్తుకు జతపడదు, తెర మీద ‘అసంపూర్ణం’ అన్న మాట మారదు.

దీనికి మొదటి మందు పాస్‌పోర్టు. ఇంకా తీసుకోనివారు పదో తరగతి ధ్రువపత్రంలోని అక్షరాలతోనే తీసుకోవాలి. అయితే ఇంటిపేరును సర్‌నేమ్ గడిలో, సొంత పేరును గివెన్ నేమ్ గడిలో విడివిడిగా నింపాలి. తొందరలో అంతా ఒకే గడిలో నింపి సర్‌నేమ్‌ను ఖాళీగా వదిలేస్తే, అమెరికా వీసా మీద సొంత పేరు ఉండవలసిన చోట ‘ఎఫ్‌ఎన్‌యూ’ అని, అంటే ‘పేరు తెలియదు’ అని అచ్చవుతుంది. అలాంటి పాస్‌పోర్టు ఉన్నవారు దరఖాస్తుకు ముందే రీఇష్యూ చేయించుకోవడం మేలు. పదో తరగతి పత్రంలోనే తప్పు దొర్లి ఉంటే చదివిన బడి ప్రధానోపాధ్యాయుని ద్వారా కటక్‌లోని బోర్డును ఆశ్రయించాలి. ఆ పని ఆలస్యమవుతుంది కనుక చివరి సంవత్సరం దాకా ఆగరాదు.

పాస్‌పోర్టు సరిగా ఉండి మిగిలిన పత్రాల్లో తేడా ఉంటే వాటిని మార్పించే పని పెట్టుకోనక్కరలేదు. దరఖాస్తులో పాస్‌పోర్టులోని పేరే రాయాలి. చాలా దరఖాస్తుల్లో, మీ పత్రాల మీద ఇంకే పేర్లు ఉన్నాయో రాయమని అడిగే గడి ఒకటి ఉంటుంది. ‘లేనిపోని అనుమానం ఎందుకు’ అని ఏజెంట్లు ఖాళీగా వదిలేయించేది సరిగ్గా ఆ గడినే. పొడి అక్షరంతో ఉన్న రూపాన్ని, ‘బ’తో ఉన్న రూపాన్ని, అన్నింటినీ అక్కడ రాయాలి. దీనికి పైసా ఖర్చు లేదు. తేడాను దాచినవారే ఇబ్బంది పడతారు. చెప్పినవారిని ఎవరూ తప్పు పట్టరు.

విశ్వవిద్యాలయం ప్రత్యేకంగా అడిగితేనే అఫిడవిట్ ఇవ్వాలి. అప్పుడు కూడా నోటరీ దగ్గర ఏ కాగితం మీద సంతకం పెడుతున్నారో చదవండి. ఈ పేర్లన్నీ ఒకే వ్యక్తివి అని చెప్పే అఫిడవిట్ వేరు, నా పేరు మార్చుకున్నాను అని చెప్పే అఫిడవిట్ వేరు. అక్షరాల తేడా మాత్రమే ఉన్నవారి చేత రెండో రకం రాయించి, ఆపైన గెజిట్ ప్రకటన అంటూ ఇంకో ఖర్చు చూపించడం పరిపాటి అయింది. మార్చుకోని పేరును మార్చుకున్నట్టు ప్రమాణం చేస్తే, ఆ తరువాత ప్రతి ఫారంలోనూ దానికి సంజాయిషీ చెప్పుకోవలసి వస్తుంది.

ఆర్థిక పత్రాల దగ్గర కొత్త తేడాలు పుట్టుకొస్తాయి. భూమి పట్టా, ఆదాయ ధ్రువపత్రం ఒడియాలో ఉంటే ఇంగ్లీషు అనువాదం కావాలి. అనువాదకుడు తనకు వినిపించినట్టు రాస్తే, పాస్‌పోర్టులో వెంకటరావుగా ఉన్న తండ్రి అనువాదంలో బెంకట్ రావుగా దిగుతాడు. అనువాదానికి ఇచ్చేటప్పుడే తల్లిదండ్రుల పాస్‌పోర్టు లేదా బ్యాంకు పుస్తకం నకలు జతచేసి, పేర్లను ఆ అక్షరాలతోనే రాయమని చెప్పాలి.

కమ్యూనికేషన్ విద్యార్థులకు మరొక జాగ్రత్త. పత్రికలో ముద్దుపేరుతోనో కలం పేరుతోనో వచ్చిన వార్తలను నమూనాగా పంపేటప్పుడు, ఆ పేరు మీదేనని ఒక వాక్యం రాసి, తెలుగు మూలం పక్కన ఇంగ్లీషు అనువాదం పెట్టండి. సిఫారసు లేఖ రాసే అధ్యాపకులకు కూడా దరఖాస్తులోని పేరు రాసి ఇవ్వండి. లేఖ కోసం విశ్వవిద్యాలయం నేరుగా వారికే ఈమెయిల్ పంపుతుంది. అధ్యాపకుల పేరుతో కొత్త ఈమెయిల్ తెరిచి లేఖ తామే పంపేస్తామనే కన్సల్టెన్సీలు ఉన్నాయి. అది మోసం, బయటపడితే సీటు పోయేది విద్యార్థికే.

ప్రవేశం దొరికాక విద్యార్థి వీసా కోసం విశ్వవిద్యాలయం పంపే ఐ-20 పత్రంలో పేరు, పుట్టిన తేదీ పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసుకోవాలి. తేడా ఉంటే అక్కడి అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయానికి రాసి సరిచేయించుకున్న తరువాతే 350 డాలర్ల సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలు నమోదు చేసే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) రుసుము కట్టాలి. వీసా ఫారం డీఎస్-160లోనూ ఇతర పేర్లు వాడారా అన్న ప్రశ్న ఉంటుంది. దరఖాస్తులో రాసిన రూపాలనే అక్కడా రాయాలి. ఒడిశా వాసులకు వర్తించే అమెరికా కాన్సులేట్ హైదరాబాదులో ఉంది. సందేహాలుంటే అదే నగరంలో అమెరికా ప్రభుత్వ మద్దతుతో నడిచే ఎడ్యుకేషన్ యూఎస్‌ఏ సలహా కేంద్రాన్ని అడగవచ్చు; అక్కడ సలహాకు రుసుము లేదు.