ఎలక్ట్రిక్ స్నో బ్లోయర్‌తో ఇంటి ముందు మంచును ఎలా తొలగించాలి?

ఎలక్ట్రిక్ స్నో బ్లోయర్ ముందుభాగంలో వేగంగా తిరిగే రెక్కలు మంచును లోపలికి లాక్కుని, పైనున్న గొట్టం గుండా పక్కకు విసిరేస్తాయి. దీనికి పెట్రోలు అక్కర్లేదు, పొగ రాదు, బరువూ తక్కువే. అయితే మోటారు శక్తి పరిమితం కాబట్టి, ఇళ్లలో వాడే చాలా యంత్రాలు సుమారు 15 నుంచి 20 సెంటీమీటర్ల లోతు వరకు, అదీ గట్టిపడని మంచును మాత్రమే సులువుగా తీయగలవు. కొత్తగా పడిన పొడి మంచు సాధారణంగా ఘనపు మీటరుకు 50 నుంచి 100 కిలోల బరువుంటుంది. అదే మంచు అణిగి, నీరు పట్టిందంటే బరువు కొన్ని రెట్లు పెరుగుతుంది. అందువల్ల భారీగా కురుస్తున్నప్పుడు పూర్తిగా ఆగేదాకా వేచి ఉండకుండా, మధ్యలోనే ఒకసారి తీసేయడం అన్నిటికంటే తెలివైన పద్ధతి.

మంచు పడకముందే దారిలోని రాళ్లు, కాళ్లు తుడుచుకునే పట్టాలు, నీళ్ల పైపులు, పిల్లల బొమ్మలు తీసేసి, దారి అంచులు తెలిసేలా కర్రలు పాతుకోవాలి. ఈ యంత్రాల్లో చాలావాటి రెక్కలు నేలను తాకుతూ తిరుగుతాయి కనుక కంకర దారి మీద వాడకూడదు. రాయి తగిలితే అది తూటాలా దూసుకుపోతుంది.

తీగతో నడిచే యంత్రమైతే ఆరుబయట వాడకానికి తయారైన ఎక్స్‌టెన్షన్ తీగనే, లీకేజీ కరెంటును పసిగట్టి సరఫరాను ఆపేసే రక్షణ ఉన్న సాకెట్‌కే కలపాలి. తీగ పొడవు పెరిగేకొద్దీ మందం కూడా పెరగాలి. సన్నని తీగ వేడెక్కుతుంది, మోటారూ నీరసిస్తుంది. ఎంత మందం కావాలో యంత్రంతో వచ్చిన పుస్తకంలో ఉంటుంది. బ్యాటరీ యంత్రమైతే, చలిలో బ్యాటరీ త్వరగా దిగిపోతుంది కాబట్టి దాన్ని ఇంట్లో వెచ్చగా ఉంచి, పని మొదలుపెట్టేముందే బిగించాలి.

జారని బూట్లు, కళ్లకు రక్షణనిచ్చే అద్దాలు ధరించి, వేలాడే మఫ్లర్లు తీసేయండి. పిల్లలను, పెంపుడు జంతువులను లోపలే ఉంచండి. గాలి ఎటు వీస్తోందో చూసి, గొట్టాన్ని అటే తిప్పండి; కిటికీల వైపు, కార్ల వైపు, రోడ్డు మీదికి విసరకండి. దారి వెడల్పుగా ఉంటే మధ్యలో మొదలుపెట్టి అంచుల వైపు సాగితే, ఒకసారి తీసిన చోట మళ్లీ మంచు పడదు. ప్రతి వరుసా ముందటి వరుస మీదికి కొద్దిగా జరిగేలా, యంత్రాన్ని తొందరపెట్టకుండా నడవండి. తీగ ఎప్పుడూ మీ వెనుకే, శుభ్రం చేసిన వైపే ఉండాలి.

తడి మంచు గొట్టంలో ఇరుక్కోవడం మామూలే. అంతవరకు దూరంగా పడుతున్న మంచు గొట్టం అంచు నుంచి ముద్దలుగా జారిపడుతోందంటే లోపల పేరుకుంటోందని అర్థం. ప్రమాదాలు జరిగేది ఇక్కడే, కాబట్టి ఎంత తొందరలో ఉన్నా ఈ క్రమం తప్పకండి: మీట వదిలేయండి, రెక్కలు పూర్తిగా ఆగేదాకా చూడండి, ప్లగ్ పీకండి లేదా బ్యాటరీ తీసేయండి, ఆ తర్వాతే యంత్రంతో వచ్చిన ప్లాస్టిక్ పుల్లతో గానీ గట్టి కర్రతో గానీ ముద్దను తొలగించండి. చేతికి మందపాటి గ్లౌజు ఉన్నా సరే, వేళ్లు లోపల పెట్టవద్దు. పని మొదలుపెట్టేముందు గొట్టం లోపల సిలికాన్ స్ప్రే కొడితే మంచు అంతగా అంటుకోదు.

రోడ్డు శుభ్రం చేసే వాహనాలు ఇంటి దారి మొదట్లో తోసిపోయే గడ్డకట్టిన కుప్పను నేరుగా యంత్రంతో ఢీకొట్టకండి. ముందు పారతో పగలగొట్టి, ఆపై కొంచెం కొంచెంగా తీయండి.

పని ముగిశాక యంత్రాన్ని ఒక నిమిషం ఖాళీగా నడిపితే లోపల మిగిలిన మంచు బయటకు పోతుంది. తర్వాత ప్లగ్ గానీ బ్యాటరీ గానీ తీసేసి, బ్రష్‌తో దులిపి, పొడి గుడ్డతో తుడిచి నీడన పెట్టండి. లిథియం బ్యాటరీని సున్నా డిగ్రీల కంటే తక్కువ చలిలో ఛార్జ్ చేస్తే పాడవుతుంది. ఇంట్లోకి తెచ్చి, అది గది వేడికి వచ్చాకే ఛార్జర్‌కు తగిలించండి.