పాత పికప్‌కు కంపెనీ క్రూజ్ కంట్రోల్: ముందు ఆపే స్విచ్, తర్వాతే నడిపే బటన్

పరకాలలో నాది మోటార్ వైండింగ్ షాపు. బోరు మోటార్లు, స్టార్టర్ డబ్బాలు బాగుచేయడం ఇరవై ఏళ్లుగా నా పని. రాగి తీగ, బుష్‌లు, బేరింగ్‌లు తెచ్చుకోవడానికి వారానికి ఒకసారైనా సికింద్రాబాద్ రాణిగంజ్ పోవాలి. పోను దాదాపు 180 కిలోమీటర్లు, రాను అంతే. హన్మకొండ, కాజీపేట, మడికొండ దాటి నాలుగు లైన్ల ఎన్‌హెచ్-163 మీద పడితే జనగామ, ఆలేరు, భువనగిరి దాకా కుడి కాలు యాక్సిలరేటర్ మీద ఒకే తీరుగా బిగుసుకుని ఉంటుంది. ఎండాకాలం మోటార్లు కాలే సీజన్‌లో వారానికి రెండు ట్రిప్పులు పడితే రాత్రికి పిక్క పట్టేసి నిద్ర ఉండేది కాదు.

నా బండి 2014 మోడల్ డబుల్ క్యాబిన్ పికప్. డీజిల్, 5 గేర్ల మాన్యువల్. అదే ఇంజిన్‌తో అదే కంపెనీ అమ్మిన పెద్ద కారు టాప్ మోడల్‌లో స్టీరింగ్ మీద క్రూజ్ కంట్రోల్ బటన్లు ఉన్నాయి, అంటే యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినా సెట్ చేసిన స్పీడులోనే బండిని నడిపించేవి. నా బండికి లేవు. ఆ సామానే తెచ్చి నా బండికి ఎక్కించుకున్నాను. ఎట్లాగో చెబుతాను. కంపెనీ పేరు, తీగల రంగులు, పిన్ నంబర్లు మాత్రం కావాలనే రాయడం లేదు. ఒకే మోడల్‌లో కూడా ఏడాదికో తీరుగా మారుతుంటాయి. నా నంబర్ నమ్మి మీరు వేరే తీగ కోసుకోవద్దు. మీ బండి, మీ ఏడాది వైరింగ్ డయాగ్రమ్ చేతిలో పెట్టుకునే పని మొదలుపెట్టాలి. బండి ఇంకా వారంటీలో ఉంటే అసలు ముట్టుకోవద్దు.

ముందుగా ఈ పని లోపలి సంగతి ఒకటి అర్థం చేసుకోవాలి. పొలం కాడి స్టార్టర్ డబ్బా అందరికీ తెలిసిందే. పచ్చ బటన్ నొక్కి వదిలితే కాంటాక్టర్ పట్టుకుంటుంది, మోటార్ నడుస్తూనే ఉంటుంది. ఎర్ర బటన్ నొక్కితే వదిలేస్తుంది. ఆ ఎర్ర బటన్ లోపల కాంటాక్ట్ ఎప్పుడూ కలిసే ఉంటుంది, నొక్కినప్పుడే విడిపోతుంది. ఎందుకట్లా పెట్టారు? ఎలుక కొరికి ఆ తీగ తెగినా మోటార్ ఆగిపోవాలి కాబట్టి. తెగితే ఆగాలి, తెగితే నడవకూడదు. క్రూజ్ కూడా అచ్చం ఇదే. సెట్ బటన్ పచ్చ బటన్. బ్రేక్ పెడల్ మీది స్విచ్, క్లచ్ పెడల్ మీది స్విచ్, రెండూ ఎర్ర బటన్లు. చాలామంది స్టీరింగ్ బటన్లతో మొదలుపెడతారు. నా మాట వినండి, పెడల్‌ల దగ్గర మొదలుపెట్టండి.

దానికంటే ముందు ఒక పరీక్ష. బానెట్ ఎత్తి చూడండి. యాక్సిలరేటర్ పెడల్ నుంచి ఇంజిన్‌కు స్టీలు కేబుల్ పోతుంటే ఈ పద్ధతి మీకు పనికిరాదు. ఆ బండ్లకు కేబుల్‌ను లాగే వేరే మోటారో, వాక్యూమ్ డబ్బానో కావాలి, అది వేరే కథ. పెడల్ దగ్గర ప్లగ్గు, తీగలు మాత్రమే ఉంటే ఎంత డీజిల్ పోయాలో ఈసీయూ, అంటే ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్ డబ్బా, చూసుకుంటుందన్నమాట. క్రూజ్ ప్రోగ్రామ్ చాలాసార్లు ఆ ఈసీయూలోనే ఉంటుంది, బటన్ల కోసం ఎదురుచూస్తూ. ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? బండి డేటాను ఫోన్‌లో చూపించే మామూలు బ్లూటూత్ ఓబీడీ ముక్కతో తెలియదు. కంపెనీ డేటా చదివే స్కానర్ కావాలి. వరంగల్ ఆటోనగర్‌లో తెలిసిన ఎలక్ట్రీషియన్ అన్న దగ్గర ఉంటే బండి తీసుకెళ్లాను. లైవ్ డేటాలో క్రూజ్ మెయిన్ స్విచ్, సెట్, క్లచ్ స్విచ్ అనే లైన్లు కనిపించాయి. ఈసీయూ మీది పార్ట్ నంబర్, టాప్ మోడల్ నంబర్ ఒకటే. ఈ రెండూ కుదిరాకే రూపాయి ఖర్చుపెట్టాను. మీ బండిలో ఆ లైన్లు రాకపోతే సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి ఆప్షన్ ఆన్ చేయగలరా అని ముందే అడగండి. సామాను కొన్నాక అడగొద్దు.

నాకు పడిన సామాను: పాత బండి నుంచి తీసిన స్టీరింగ్ స్విచ్ 2,400, కొత్త క్లాక్ స్ప్రింగ్ 4,800, నాలుగు పిన్నుల బ్రేక్ స్విచ్ 450, క్లచ్ స్విచ్ 380, తీగ, టెర్మినల్ పిన్నులు, హీట్ ష్రింక్ కలిపి 300. మొత్తం 8,330 రూపాయలు. పని నాదే.

ఇప్పుడు బ్రేక్ స్విచ్. మామూలు మోడల్‌లో రెండు పిన్నులే ఉంటాయి, వెనక ఎర్ర లైటు వెలిగించడానికి. క్రూజ్ ఉన్న మోడల్‌లో నాలుగు. ఒక జత తొక్కితే కలుస్తుంది, రెండో జత తొక్కితే విడిపోతుంది. ఈసీయూ రెండింటినీ పోల్చి చూస్తుంది, లెక్క కుదరకపోతే క్రూజ్ పట్టనివ్వదు. మంచి ఏర్పాటు అది, దాన్ని మోసం చేయకండి. స్విచ్ బిగించేటప్పుడు పెడల్‌ను చేత్తో నాలుగైదు మిల్లీమీటర్లు కదిపితేనే టిక్కుమనాలి. మరీ దగ్గరికి బిగిస్తే పెడల్ పూర్తిగా పైకి రాదు, బ్రేకులు రాసుకుంటాయి. చీకటి పడ్డాక బండిని షట్టర్‌కు వెనక్కి పెట్టి చూడండి. పెడల్ వదిలినప్పుడు షట్టర్ మీద ఎర్ర వెలుగు పూర్తిగా పోవాలి.

క్లచ్ దగ్గర ఎక్కువమంది పొరబడతారు. చాలా బండ్లలో క్లచ్ పెడల్ దగ్గర ఇప్పటికే ఒక స్విచ్ ఉంటుంది, పూర్తిగా తొక్కితేనే సెల్ఫ్ తిరగడానికి. అది పెడల్ అడుగున పనిచేసేది. మనకు కావలసింది పెడల్ పైభాగాన, కాలు తగలగానే మారేది. నా బండిలో బ్రాకెట్‌కు దాని కోసం రంధ్రం ఉంది, అందులో రబ్బరు బుడిపె పెట్టి వదిలేశారు. టార్చి నోట్లో పెట్టుకుని డాష్‌బోర్డు కింద వెల్లకిలా పడుకుని చూస్తే గాని కనిపించలేదు.

స్టీరింగ్ బటన్లతో సహా మిగతా పనంతా అయిపోయినా ఆ స్విచ్ నాకు వెంటనే దొరకలేదు. ఈలోగా ఒక మెకానిక్, "ఆ రెండు తీగలు కలిపి టేపు సుట్టు అన్నా, క్రూజ్ పడతది" అన్నాడు. పడుతుందని నాకూ తెలుసు. అయినా ఏమవుతుందో కళ్లారా చూడాలనుకున్నాను. ఆదివారం తెల్లవారుజామున స్టేషన్ ఘన్‌పూర్ దాటాక, ముందూ వెనకా ఎవరూ లేని చోట 60 మీద సెట్ చేసి క్లచ్ తొక్కాను. బండి బరువు ఇంజిన్ మీద నుంచి పోయింది, స్పీడు తగ్గుతోందని ఈసీయూ డీజిల్ పోస్తూనే ఉంది. 1,800 దగ్గరున్న ఆర్‌పీఎం ముల్లు కళ్ల ముందే 3,500 దాటింది. ఇంజిన్ అరుపుకు పక్కన కూర్చున్న మా చిన్నోడు నా చెయ్యి పట్టుకున్నాడు. బ్రేక్ తొక్కాను, ఆగింది. అదే బ్రేక్ స్విచ్ ముందు బిగించి ఉండకపోతే? బిడ్డను పక్కన కూర్చోబెట్టుకుని ఆ పని చేయకుండా ఉండాల్సింది. ఇంటికొచ్చి ఆ టేపు విప్పేసి, స్విచ్ వచ్చేదాకా పన్నెండు రోజులు ఆగాను. ఎవరు ఏం చెప్పినా క్లచ్ తీగలు కలపొద్దు.

స్టీరింగ్ పని ఎయిర్‌బ్యాగ్‌తో ముడిపడిన పని. బ్యాటరీ నెగటివ్ తీసి, పది మిల్లీమీటర్ల పానాను పక్కన పెట్టి, 15 నిమిషాలు ఆగుతాను. చాయ్ తాగొస్తే సరిపోతుంది. పసుపు రంగు ప్లగ్గు ఎయిర్‌బ్యాగ్‌ది, దానికి మల్టీమీటర్ ముట్టించవద్దు. మీటర్ పంపే చిన్న కరెంటుతో కూడా పేలే ప్రమాదం ఉంది. తీసిన ఎయిర్‌బ్యాగ్‌ను కవర్ పైకి ఉండేలా బల్ల మీద పెట్టాలి, బోర్లించకూడదు. తర్వాత చక్రాలు నేరుగా ఉన్నాయో చూసి, స్టీరింగ్‌కూ షాఫ్టుకూ కలిపి వైట్‌నర్‌తో ఒక గీత గీయండి. నట్టు వదులు చేసి పూర్తిగా తీయకుండా నాలుగు మరలు ఉంచి లాగండి. లేకపోతే స్టీరింగ్ ఒక్కసారిగా ఊడి మూతికి కొడుతుంది. సుత్తితో షాఫ్టును కొట్టొద్దు.

స్టీరింగ్ కింద ఉండే గుండ్రటి డబ్బానే క్లాక్ స్ప్రింగ్. లోపల పలుచటి పట్టీ కేబుల్ గడియారం స్ప్రింగులా చుట్టుకుని ఉంటుంది. నా పాత దాంట్లో హారన్‌కు, ఎయిర్‌బ్యాగ్‌కు మాత్రమే దారులు ఉన్నాయి, అందుకే కొత్తది కొనాల్సి వచ్చింది. దీన్ని మధ్యలో పెట్టి బిగించాలి. మెల్లగా ఒక వైపు చివరిదాకా తిప్పి, అక్కడి నుంచి రెండో చివర దాకా ఎన్ని చుట్లో లెక్కపెట్టి, సగం వెనక్కి తిప్పాలి. కొత్తదైతే మధ్యలో లాక్ పిన్ను పెట్టి ఇస్తారు, బిగించేదాకా దాన్ని పీకొద్దు. మధ్యలో లేకుండా బిగిస్తే మొదటి యూ టర్న్‌లోనే కేబుల్ తెగి హారన్ పోతుంది, ఎయిర్‌బ్యాగ్ లైటు వెలుగుతుంది.

స్విచ్‌ను బిగించకముందు బల్ల మీద పరీక్షించాను. అందులో నాకు ముచ్చటేసిన తెలివి ఒకటి ఉంది. నాలుగు బటన్లకు నాలుగు తీగలు లేవు, రెండే. ఒక్కో బటన్ వెనక ఒక్కో రెసిస్టర్. ఏది నొక్కారో ఓమ్స్‌ను (రెసిస్టెన్స్ కొలతను) బట్టి ఈసీయూ గుర్తుపడుతుంది. మెయిన్ నొక్కితే సున్నా, వదిలేసిన స్పీడును మళ్లీ పట్టించే రిజ్యూమ్‌కు 240, సెట్‌కు 630, క్యాన్సిల్‌కు 1,540 వచ్చాయి. మీకు వేరే అంకెలు రావచ్చు. వచ్చిన అంకె నిలకడగా ఉందా అన్నదే ముఖ్యం. మొదట నాకు సెట్ నొక్కితే 630, 900, మళ్లీ 700 అని ఆడింది. పాత స్విచ్ కదా, లోపల మురికి పట్టింది. విప్పి, కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, కాటన్ బట్టతో రెండుసార్లు తుడిచాక 630 దగ్గర కదలకుండా నిలబడింది. ఈ పని చేయకుండా బిగించి ఉంటే సెట్ నొక్కినప్పుడు ఈసీయూకు ఇంకేదో బటన్ అనిపించేది.

స్టీరింగ్ కాలమ్ కింది ప్లగ్గు నుంచి ఈసీయూ దాకా కొత్త తీగ లాగే ముందు కంటిన్యూటీ చూడండి, అంటే ఆ దారిలో తీగ ఇప్పటికే ఉందో లేదో మీటర్‌తో చూసుకోండి. రెండు మోడళ్లకూ ఒకే హార్నెస్ (తీగల కట్ట) వాడటం వల్ల నాకు స్విచ్ తీగ ముందే ఉంది. క్లచ్ తీగ ఒక్కటే లాగాను. ఇంటి వైరింగ్ తీగ వాడొద్దు, 0.75 చదరపు మిల్లీమీటర్ల ఆటో తీగ తీసుకోండి. ఈసీయూ ప్లగ్గులో ఖాళీ గూటికి సరిపోయే టెర్మినల్ పిన్ను కొని, తీగకు నొక్కి బిగించి (క్రింప్ చేసి) టిక్కుమనేదాకా నెట్టండి. పక్క తీగకు గాటు పెట్టి మెలితిప్పే పని ఇక్కడ వద్దు.

బండి కదలకముందే ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ ఆఫ్‌లో స్కానర్ పెట్టాను. నేను పెడల్‌లు తొక్కుతుంటే చిన్నోడు చదివాడు. "బాపూ, బ్రేక్ ఆన్... ఆఫ్. క్లచ్ ఆన్... ఇప్పుడు ఆఫ్ అయింది." ఇరవై సార్లు తొక్కి చూశాం. ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ తర్వాత క్లచ్ స్విచ్ ప్లగ్గు పీకేశాను. నేను కోరుకున్నట్టే క్లచ్ తొక్కినట్టు చూపించింది. తీగ తెగితే ఆగాలి అన్నానే, ఆ పరీక్ష ఇదే. ఇది నెగ్గకుండా రోడ్డెక్కొద్దు.

క్లచ్ స్విచ్ బిగించాక రోడ్డు మీద మొదటిసారి ఒంటరిగా, ఖాళీ బండితో వెళ్లాను. 40 లోపు పట్టలేదు, చాలా బండ్లలో అంతే. 50 మీద సెట్ చేసి బ్రేక్‌కు కాలు తగిలించాను, వదిలేసింది. రిజ్యూమ్ నొక్కి క్లచ్ తగిలించాను, వదిలేసింది. క్యాన్సిల్, మెయిన్ కూడా అట్లాగే చూసుకున్నాకే 65కు పోయాను. సరుకు బండికి నాలుగు లైన్ల మీద కూడా పరిమితి 80. నాకు 65 చాలు.

మాన్యువల్ బండి గేరు తానే మార్చుకోదు. లోడుతో ఎత్తు ఎక్కేటప్పుడు ఐదో గేరులో ఇంజిన్ గుడగుడలాడుతుంటే క్లచ్ తొక్కి నాలుగుకు దించి, రిజ్యూమ్ నొక్కుకోవాలి. దిగుడులో ఇది బ్రేక్ వేయదు, బండి 65 దాటి జారుతుంది. వానలో వాడను. ములుగు రోడ్డు మీద గట్టమ్మ గుడి వైపు పోయేటప్పుడు అసలే వాడను. మక్కలు, వడ్లు రోడ్డు పక్కన ఆరబోసే రోజుల్లో నాలుగు లైన్ల మీద కూడా ఒక లైను సగం పోతుంది, కుప్పకు అడ్డంగా రాళ్లు పెడతారు. అప్పుడు కాలు పెడల్ మీదే ఉండాలి.

ప్రతి ట్రిప్పులో మడికొండ దాటాక మొదటిసారి సెట్ చేసినప్పుడు బ్రేక్ ఒకసారి, క్లచ్ ఒకసారి తగిలించి చూస్తాను. రెండూ వదిలితేనే ఆ రోజు వాడతాను. ఏ తీగ ఏ పిన్నుకు పోయిందో, ఏ రంగో కాగితం మీద రాసి ఫ్యూజ్ డబ్బా మూత లోపల అంటించాను, రేపు ఇంకెవరైనా ఈ బండి విప్పితే వెతుక్కోకుండా.