నమూనా యుద్ధవిమానం కడదాం – ఏడో పాఠం: ఇంజిను, రిట్రాక్ట్ సర్వో

గత పాఠంతో మన హరికేన్ (రెండో ప్రపంచ యుద్ధపు బ్రిటిష్ యుద్ధవిమానం) నమూనా రెక్కకు పక్కటెముకలు నిలబెట్టడం పూర్తయింది. పైన తేలికైన బాల్సా చెక్క పొర అంటించే ముందే ఈ పాఠం చదవండి. ముడుచుకునే చక్రాల కాళ్ళ పని, అంటే రిట్రాక్టుల పని, రెక్క తెరిచి ఉన్నప్పుడే చేయాలి.

ఇంజిను ఒక కొనుగోలు, రిట్రాక్టులు మరొకటి అని చాలామంది అనుకుంటారు. నా దృష్టిలో రెండూ కలిపి ఒకే నిర్ణయం. ప్రొపెల్లర్ పెద్దదైతే కాళ్ళు పొడవుగా ఉండాలి. కాళ్ళు పొడవైతే వాటిని మడిచే సర్వో (రేడియో ఆజ్ఞతో చేయి తిప్పే చిన్న మోటారు) మీద భారం పెరుగుతుంది. వీటన్నిటికంటే ముందు చూడాల్సింది మన నేల.

గోదావరి డెల్టాలో మనలో చాలామంది ఎగరేసేది పంట చేలల్లోనే. సార్వా కోతలకూ దాళ్వా ఊడ్పులకూ నడుమ కొద్ది రోజులు దొరుకుతాయి. అప్పుడు నేల మెత్తగా ఉంటుంది, వరి మోళ్ళు చక్రాలకు అడ్డుపడతాయి. దాళ్వా కోతలయ్యాక, కాలువలు కట్టేసిన వేసవిలో, నల్లమట్టి బీటలు తీస్తుంది. చిన్న చక్రం బీటలో దిగితే కాలు వంగడం ఖాయం. ఈ ధారావాహికకు ఆనాటి మరో బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్‌ను కాక హరికేన్‌ను ఎంచుకున్నది అందుకే. అసలు స్పిట్‌ఫైర్ కాళ్ళు బయటివైపుకు ముడుచుకుంటాయి కాబట్టి దించినప్పుడు దగ్గరదగ్గరగా నిలుస్తాయి. గతుకుల్లో అది పక్కకు ఒరుగుతుంది. హరికేన్ కాళ్ళు ఎడంగా ఉండి లోపలికి ముడుచుకుంటాయి. ఇంకో కారణం కూడా ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు కాకినాడ మీద బాంబులు వేశాయి. దానికి ముందురోజు కొలంబో మీద జరిగిన దాడిని ఎదుర్కొన్నవాటిలో ఎక్కువ భాగం హరికేన్లే. మన తీరం చూసిన యుద్ధానికి దగ్గరి విమానం ఇది.

ఇక ఇంజిను. అసలు హరికేన్ రెక్కల వెడల్పు 12.19 మీటర్లు, మనది ఏడో వంతు, అంటే 174 సెంటీమీటర్లు. బరువు నాలుగున్నర, ఐదు కిలోల మధ్య వస్తుంది. ఈ పరిమాణానికి మూడు దారులున్నాయి: 10 సీసీ టూ స్ట్రోక్ గ్లో (వేడి తీగ ప్లగ్గుతో ఇంధనాన్ని మండించే రకం), 15 సీసీ ఫోర్ స్ట్రోక్ గ్లో, 20 సీసీ పెట్రోలు.

మొదటి రెండింటినీ లెక్కతో పోల్చుదాం. ఒకే రకం ప్రొపెల్లర్లలో తోపుడు బలం వ్యాసం నాలుగో ఘాతాన్నీ, చుట్ల వేగం వర్గాన్నీ బట్టి పెరుగుతుంది. టూ స్ట్రోక్ 12×6 (అంగుళాల్లో వ్యాసం, ఒక చుట్టుకు ముందుకు సాగే దూరం) ప్రొపెల్లర్‌ను నిమిషానికి 12,000 చుట్లు, ఫోర్ స్ట్రోక్ 14×6ను 9,500 చుట్లు తిప్పుతాయనుకోండి. గుణించి చూస్తే ఫోర్ స్ట్రోక్‌కు తోపుడు దాదాపు 16 శాతం ఎక్కువ. ప్రొపెల్లర్ గాలిలో ముందుకు చొచ్చుకుపోయే వేగం మాత్రం గంటకు 110 కిలోమీటర్లకు బదులు 87. హరికేన్‌ది మందమైన రెక్క, దానికి వేగంకంటే బలమే కావాలి. మెత్తటి చేలో నుంచి లేవాలన్నా బలమే కావాలి. అందువల్ల 10 సీసీని పక్కన పెట్టేయండి.

మిగిలిన రెండింటిలో నేను పెట్రోలు వైపే మొగ్గుతాను. గ్లో ఇంధనంలో ప్రధాన భాగం మిథనాల్. అది విషం, చిన్న ఊళ్ళలో దొరకడం కష్టం, పైగా మన తీరపు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. ఎగరేసిన సాయంత్రమే నూనె వేయకపోతే బేరింగులు తుప్పు పడతాయి. పెట్రోలు ఏ బంకులోనైనా దొరుకుతుంది. అయితే ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది, అదీ తేమను పీల్చేదే. కాబట్టి ఇంటికి వచ్చేముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బురేటర్‌లో మిగిలింది కాలిపోయేదాకా ఇంజిను నడపండి. గ్లోకు వాడే సిలికోన్ గొట్టాలు పెట్రోలులో ఉబ్బి పాడవుతాయి, పెట్రోలుకు తగిన గొట్టమే అడిగి కొనండి. నూనె ఎంత కలపాలో తయారీదారు కాగితంలో ఉన్నట్టే కలపండి.

పెట్రోలు ఇంజిను, దాని ఇగ్నిషన్, బ్యాటరీ కలిస్తే బరువు ఎక్కువే. కానీ హరికేన్ ముక్కు పొట్టిది, తేలిక ఇంజిను పెడితే సమతూకం కోసం ముందు సీసం పెట్టాల్సి వస్తుంది. ఎగరడానికి ఏ సాయమూ చేయని సీసాన్ని మోయడంకంటే ఆ బరువును ఇంజినుకే ఇవ్వడం మేలు. నేలకు ఎత్తు సంగతీ చూడండి. అసలు ప్రొపెల్లర్ సుమారు పదకొండు అడుగులు, ఏడో వంతు చేస్తే 19 అంగుళాలకు కొద్దిగా తక్కువ. కాళ్ళను అదే నిష్పత్తిలో చేశాం కాబట్టి 16 అంగుళాల ప్రొపెల్లర్‌కు కింద ఒక అంగుళానికి పైగా అదనపు జాగా మిగులుతుంది. మోళ్ళ మీద పరుగెత్తేటప్పుడు ఆ జాగా చాలా విలువైనది.

ఇప్పుడు సర్వో. మామూలు సర్వో చేయి 90 డిగ్రీల వరకు, చేతిలోని ట్రాన్స్‌మిటర్ స్టిక్ ఎంత కదిలితే అంత తిరుగుతుంది. రిట్రాక్ట్ సర్వో 180 డిగ్రీలు, ఒక చివర నుంచి రెండో చివరకు నేరుగా వెళ్తుంది, మధ్యలో ఆగదు. దాని సుగుణం ఆ 180 డిగ్రీల్లోనే ఉంది. రెండు చివర్లలోనూ సర్వో చేయి, దాన్ని కాలికి కలిపే కడ్డీ ఒకే గీతలోకి వస్తాయి. అప్పుడు కాలి నుంచి ఎంత తోపు వచ్చినా సర్వో ఇరుసు తిరగదు, వేసిన గడియలా నిలుస్తుంది. మామూలు సర్వో అయితే ఆ తోపును ఆపడానికి ఎప్పుడూ కరెంటు తాగుతూ ఉండాలి. అలా రిసీవర్ (విమానంలో రేడియో ఆజ్ఞలు అందుకునే పెట్టె) బ్యాటరీ ఖాళీ అయితే పోయేది కాళ్ళు మాత్రమే కాదు, విమానమే.

కొలత ఇలా తీయండి. రిట్రాక్ట్ మీటను చేత్తో ఒక తాళం (కాలు బిగుసుకుని నిలిచే చివరి స్థానం) నుంచి రెండో తాళం దాకా జరిపి, కడ్డీ తగిలించే రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లు కదిలిందో రాసుకోండి. 16 వచ్చిందనుకుంటే, సర్వో కేంద్రం నుంచి 8 మిల్లీమీటర్ల దూరంలోని రంధ్రం వాడాలి. చాలా రిట్రాక్ట్ సర్వోల ప్రయాణాన్ని ట్రాన్స్‌మిటర్‌లో తగ్గించలేం, సర్దుబాటంతా ఈ రంధ్రంతోనే. రెండు కాళ్ళకూ ఒకే సర్వో చాలు. గుండ్రటి చేయికి ఎదురెదురుగా రెండు రంధ్రాలు పెట్టి, రెక్క మధ్యలో అమర్చండి. ఒక చివరన కడ్డీలు మధ్య స్క్రూ మీదుగా పోవాల్సి వస్తుంది, అక్కడ కొద్దిగా వంపు తిప్పండి.

బలం లెక్క చిన్నదే. కాలు, చక్రం కలిపి 150 గ్రాములు, ఆ బరువు కీలు నుంచి 13 సెంటీమీటర్ల దూరంలో ఉంటే రెండు కాళ్ళకూ కలిపి తిప్పడానికి కావాల్సిన బలం దాదాపు 4 కిలో-సెంటీమీటర్లు (కిలోల బరువును సెంటీమీటర్ల దూరంతో గుణిస్తే వచ్చేది). రాపిడినీ, మట్టినీ కలుపుకుని రెట్టింపు, అంటే 8 చూసుకోండి. మన కాళ్ళు పక్కకు ముడుచుకుంటాయి కాబట్టి ఎదురుగాలి వాటిని నేరుగా అడ్డుకోదు.

విద్యుత్ రిట్రాక్టుల్లో సర్వో ఉండదు, లోపలే మోటారు, మర ఉంటాయి. అమర్చడం తేలిక, కొత్తవారికి చెడ్డవి కావు. అయినా మన చేలల్లో కాళ్ళు తరచూ వంగుతాయి. మెకానికల్ రిట్రాక్టును చెట్టు నీడన కూర్చుని విప్పి సరిచేసుకోవచ్చు కాబట్టి నేను దాన్నే సూచిస్తాను. కాలి తీగకు పైభాగాన స్ప్రింగులాంటి ఒక చుట్ట ఉన్న రకమే కొనండి.

బిగించాక కాళ్ళు దించి, చక్రాన్ని చేత్తో అన్ని వైపులకూ నొక్కండి. సర్వో మూలిగితే కడ్డీ పొడవు తప్పింది. కడ్డీ చివరి కొక్కెంలో అరచుట్టు చొప్పున మారుస్తూ మళ్ళీ చూడండి. రెండు చివర్లలోనూ నిశ్శబ్దం వచ్చాకే రెక్కకు పైపొర వేయండి. వచ్చే పాఠంలో ఇంధన ట్యాంకు, ఇంజినును బిగించే గోడ.