వెనుక సీటుకు మాట చేరాలి: దివ్యాంగులతో కలిసి దూరపు సైకిల్ యాత్ర ఎలా చేయాలి?

ప్రతి చలికాలంలో నాకు ఒకే రకం ఫోను వస్తుంది. బ్యానరు అచ్చయింది, టీషర్టులు వచ్చేశాయి, జెండా ఊపడానికి ముఖ్య అతిథి కుదిరారు, ఎల్లుండే ప్రయాణం, ఏమైనా సలహా ఉంటే చెప్పండి అంటారు. ఇద్దరూ కలిసి తొక్కే జంట సైకిల్ మీద వెనుక కూర్చోబోయే చూపు లేని వ్యక్తి, ముందు కూర్చోబోయే వ్యక్తి ఇప్పటిదాకా ఒక్కసారైనా కలిసి తొక్కారా అని అడిగితే అవతల మౌనం. నా సలహా ఒకటే. ఎల్లుండి బయలుదేరకండి, ఆరు వారాలు ఆగండి.

జట్టులో పన్నెండు మందికి మించి వద్దు. మించితే అది యాత్ర కాదు, ఊరేగింపు. నాలుగు జంట సైకిళ్లు, అంటే ఎనిమిది మంది. వాటితోపాటు కృత్రిమ కాలుతో తొక్కేవారు, చేతులతో తిప్పే హ్యాండ్‌సైకిల్ మీద వచ్చేవారు, వినికిడి లేనివారు కలిపి ముగ్గురు నలుగురు. వెనుక ఒక డీసీఎం, అంటే మధ్యరకం లారీ. అంతే.

దారి, రోజులు

దారి ఎంపికలో నాది ఒకటే నియమం: పక్కనే రైలు పట్టాలు ఉండాలి. అందుకే హైదరాబాద్ నుంచి మొదటి యాత్ర వరంగల్‌కే చేయాలి. 163వ నంబరు జాతీయ రహదారి మీద బీబీనగర్, భువనగిరి, ఆలేరు, జనగామ, స్టేషన్ ఘన్‌పూర్, కాజీపేట వరుసగా వస్తాయి, అన్నిచోట్లా రైల్వే స్టేషన్ ఉంది. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే సైకిల్ డీసీఎం ఎక్కుతుంది, మనిషి రైలెక్కుతాడు. బీబీనగర్‌లో ఎయిమ్స్ ఉండటం అదనపు ధైర్యం. శ్రీశైలం దారి అందంగా ఉంటుందని వాదించేవారు ఉంటారు. అందం కాదనను. కానీ మన్ననూరు దాటాక అంతా అడవి. రాత్రి తొమ్మిదికి గేటు మూస్తారు. ఆ తరువాత ఘాట్ మలుపులు. మొదటి యాత్రకు అది పనికిరాదు, దీని మీద నాతో వాదించకండి.

నగరం లోపల తొక్కకండి. ఉప్పల్ వాహనాల మధ్య జంట సైకిల్ నడిపి ఎవరికీ ఏమీ నిరూపించనక్కర్లేదు. సైకిళ్లను డీసీఎంలో ఘట్‌కేసర్ దాకా తీసుకువెళ్లి, అక్కడ తెల్లవారగానే మొదలుపెట్టండి. మొదటి రోజు జనగామ, సుమారు 65 కిలోమీటర్లు. రెండో రోజు హనుమకొండ, అంతకంటే కాస్త తక్కువ దూరం. మరో రెండు రోజుల్లో తిరుగు ప్రయాణం. దసరా తరువాత, ఫిబ్రవరి లోపు వెళ్లాలి. ఆ కాలంలో గాలి ఎక్కువగా ఈశాన్యం నుంచి వీస్తుంది కాబట్టి పోయేటప్పుడు ముఖానికి తగులుతుంది, వచ్చేటప్పుడు వీపును తోస్తుంది. హైదరాబాద్ దాదాపు 540 మీటర్ల ఎత్తున ఉంటే, వరంగల్ 270 దరిదాపుల్లో ఉంటుంది. పోయేటప్పుడు పల్లానికి ఎదురుగాలి, వచ్చేటప్పుడు ఎత్తుకు తోడుగాలి. ఇంతకంటే న్యాయమైన బేరం నాకు ఇంకో దారిలో కనబడలేదు.

సామాను

ఇక్కడ ఎక్కువ చెప్పేది లేదు. జంట సైకిల్‌కు టైరు వెడల్పు కనీసం 32 మిల్లీమీటర్లు ఉండాలి, వెనుక చక్రంలో గాలి ముందుదానికంటే కాస్త ఎక్కువ ఉండాలి. రెండు జతల పెడళ్లను కలిపే ఎడమవైపు చైను వదులుగా ఉంటే జారిపోతుంది, బిగించుకోండి. పంక్చరు సామాను, పంపు, హెల్మెట్లు, వెనుక ఎర్ర దీపం ఉంచుకోండి. హ్యాండ్‌సైకిల్ నేలకు దగ్గరగా ఉంటుంది కాబట్టి దానికి మనిషి ఎత్తు కర్రకు కట్టిన జెండా తప్పనిసరి. లారీ డ్రైవరుకు కనబడేది ఆ జెండా ఒక్కటే. ఫోనుల్లో 108, 112, జాతీయ రహదారి సాయానికి 1033 ఉంచుకోండి. ముందు రోజు రాత్రి బిర్యానీ వద్దు. ఉదయం ఇడ్లీ. ఉప్మా కూడా వద్దు, కారణం అడగకండి. దారిలో మజ్జిగలో ఉప్పు, అరటిపండ్లు, పల్లీపట్టీలు.

ఎవరి అవసరం వారిని అడగాలి

కృత్రిమ కాలు ఉన్నవారికి నొప్పి కంటే చెమట పెద్ద సమస్య. కాలు అమరే గిన్నెలో తడి చేరితే చర్మం ఒరుసుకుపోతుంది. ప్రతి 20 కిలోమీటర్లకు ఆగి, కాలు విప్పి, తుడుచుకుని, పొడి మేజోడు మార్చుకోవాలి. ‘ఇంకో అయిదు కిలోమీటర్లే కదా’ అని తొందరపెట్టే మనిషిని డీసీఎంలో కూర్చోబెట్టండి. ఆ పాదాన్ని పెడలుకు తాడుతో కట్టేయడం కూడా చూశాను. పడితే సైకిల్‌తో సహా పడతారు, దయచేసి కట్టకండి. వెన్నుపూస దెబ్బతిన్న వారిలో కొందరికి నడుము కింద చెమట పట్టదు, దెబ్బ ఇంకా పైన తగిలితే ఒళ్లు చల్లబడటమే కష్టం. ఎండ ఎక్కకముందే వారి ప్రయాణం ముగియాలి, తడిగుడ్డ చేతికి అందేలా ఉండాలి, సీటు మెత్త తగిలే చోట పుండ్లు లేచాయేమో ప్రతి సాయంత్రం చూసుకోవాలి. వినికిడి లేనివారికి హ్యాండిల్‌కు అద్దం బిగించండి, చేతి సైగలు ముందే కుదుర్చుకోండి. వెనుక నుంచి అరవడం వల్ల ఉపయోగం లేదని వేరే చెప్పాలా?

మరుగుదొడ్లు. వారం ముందు బండి వేసుకుని దారంతా తిరిగి, ఎక్కడ కమోడ్ ఉంది, ఎక్కడ మెట్లు లేవు, తలుపు ఎంత వెడల్పు అన్నది చూసి రాయాలి. నేను కొలత టేపు పట్టుకునే వెళతాను. చక్రాల కుర్చీ దాదాపు 65 సెంటీమీటర్లు ఉంటుంది, ‘సరిపోతుంది లెండి’ అని యజమాని చెప్పిన తలుపు 60 ఉంటుంది. ఒకసారి నేను కొలవకుండా ఆ మాట నమ్మాను. ఆ పూట మా జట్టు పడిన అవస్థ ఇక్కడ రాయను.

అసలు కష్టం: ఎక్కడం, కదలడం, ఆగడం

పైవన్నీ ఎవరైనా చేయగలరు. యాత్రలు చెడేది ఇక్కడే, అందుకే నిదానంగా చెబుతాను.

ముందు పేర్లు. జంట సైకిల్ మీద ముందు కూర్చునేవారిని కెప్టెన్ అని, వెనుక కూర్చునేవారిని స్టోకర్ అని అంటారు. స్టోకర్ అంటే ఇంజనులో బొగ్గు వేసేవాడు. ఆ మాట నాకు నచ్చదు. మా జట్టులో ముందు మనిషి, వెనుక మనిషి అంటాం.

వెనుక మనిషి సైకిల్‌ను చేతులతో చూడాలి. ముందు చక్రం నుంచి వెనుక చక్రం దాకా, హ్యాండిల్, బ్రేకు తీగలు, చైను, రెండు జతల పెడళ్లు అన్నీ తడిమి చూసేందుకు తగినంత సమయం ఇవ్వండి. వారి చెయ్యి లాక్కుని ‘ఇదిగో సీటు’ అని పెట్టకండి. మీ మోచెయ్యి అందిస్తే వారే పట్టుకుంటారు. ఒక పెడలు తిప్పితే రెండోదీ తిరుగుతుందన్న సంగతి మాటతో కాదు, చేత్తో తెలియాలి.

ఇక ఎక్కడం. ముందు మనిషి సైకిల్‌ను కాళ్ల మధ్య పెట్టుకుని నిలబడాలి. పాదాలు బాగా ఎడంగా ఉండాలి, రెండు బ్రేకులూ గట్టిగా పట్టుకోవాలి. పాదాలు దగ్గరగా పెడితే వెనుక మనిషి పెడలు తిప్పగానే ముందు పెడలు మీ పిక్కకు కొట్టుకుంటుంది. ఒక్కసారి తగిలితే మళ్లీ మరచిపోరు. అప్పుడు వెనుక మనిషి ఎక్కి, కూర్చుని, రెండు పాదాలూ పెడళ్ల మీద పెట్టాలి. సైకిల్ బరువు, వారి బరువు మీ చేతుల మీదే ఉంటాయి, కదలకూడదు. కుదురుకున్నాక వారే పెడళ్లను వెనక్కి తిప్పి, మీరు మొదట తొక్కే కాలి పెడలును గడియారంలో రెండు గంటల ముల్లు చోటికి తీసుకురావాలి. తరువాత వారు ‘సరే’ అంటారు. ఆ మాట వారి నోటి నుంచే రావాలి. ‘సరేనా? సరే, పద’ అని మీరే అడిగి మీరే జవాబిచ్చుకుంటే లాభం లేదు. సరే అన్నాక ఒకటి, రెండు, పద. మీ పాదం పెడలు మీదకి, వారి బలం రెండు పెడళ్లకూ.

ఇద్దరూ ఒక్కో కాలు నేల మీద ఉంచి, మామూలు సైకిల్‌లా ఒకేసారి తోసుకుని ఎక్కమని నేర్పేవారు ఉన్నారు. ఆ పద్ధతిలో ఇద్దరి తూకం రెండు వైపులకు లాగుతుంది. చూపున్న ఇద్దరికే అది కష్టం. పైగా ప్రతి ఆగుదలకూ వెనుక మనిషి తెలియని నేలను పాదంతో వెతుక్కోవాలి. అక్కడ గుంత ఉండొచ్చు, ఇసుక ఉండొచ్చు, మురికి కాలువ ఉండొచ్చు. మా పద్ధతిలో ఆగినప్పుడు ముందు మనిషి మాత్రమే దిగి నేల మీద నిలబడతాడు. వెనుక మనిషి సీటు మీదే, పాదాలు పెడళ్ల మీదే. టీ తాగడానికి దిగితే తప్ప వారి కాలు నేలకు తగలనక్కర్లేదు.

ఇప్పుడు మాట. రెండో యాత్రలో ఆలేరు దాటాక ఒక ఊరిలో రంగు వేయని స్పీడ్ బ్రేకర్ వచ్చింది. నాకు కనబడింది, నేను సీటు నుంచి కొంచెం లేచాను, నోరు తెరవలేదు. వెనుక నా తోడు నాలుక కొరుక్కున్నాడు. కిలోమీటరు దూరం ఏమీ అనలేదు. తరువాత అడిగాడు: “అన్నా, మీకు కనబడింది కదా, నాకెందుకు చెప్పలేదు?” జవాబు లేదు. జంట సైకిల్ మీద వెనుక చక్రం కుదుపు అంతా వెనుక మనిషి వెన్నుకే తగులుతుంది. చూపు మీది, దెబ్బ వారిది.

కాబట్టి అన్నీ చెప్పాలి, ముందే చెప్పాలి. గంటకు 20 కిలోమీటర్ల వేగంలో 20 మీటర్ల దూరం నాలుగు సెకన్లు కూడా పట్టదు, కనబడగానే నోట మాట రావాలి. పొడుగు వాక్యాలు వద్దు. ‘దిబ్బ’ అంటే స్పీడ్ బ్రేకర్, వెనుక మనిషి పెడళ్లు సమంగా ఆపి కొద్దిగా లేస్తారు. ‘గుంత’, ‘ఎడమ’, ‘కుడి’, ‘గేరు’, ‘బ్రేకు’. ‘ఆపు’ అనే మాటను మాత్రం మీ జట్టులో నిషేధించండి. తొక్కడం ఆపమనా, సైకిల్ ఆపుతున్నామనా? ఒకరు ఒకటి అనుకుంటారు, ఇంకొకరు మరొకటి. తొక్కడం మానాలంటే మేము ‘వదులు’ అంటాం. ఈ మాటలను వెనుక మనిషే ఎంచుకోవాలి, ఎందుకంటే విని క్షణంలో కదలాల్సింది వారి ఒళ్లు. ఒక జంట ‘దిబ్బ’ బదులు ‘బొప్పి’ అనుకున్నారు. నవ్వాం, కానీ ఆ నాలుగు రోజుల్లో వాళ్లకు ఒక్క దెబ్బ తగల్లేదు.

హెల్మెట్లలో మైకులు పెట్టుకోమని ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. గాలి హోరు, అయిపోయే బ్యాటరీ, మధ్యలో వచ్చే ఫోన్లు. మీ నోటికి, వారి చెవికి మధ్య ఒక మీటరు దూరం కూడా లేదు, తల కొంచెం పక్కకు తిప్పి చెప్పండి చాలు. దారి వర్ణన కావాలా అని కూడా అడగండి. భువనగిరి దగ్గర కోట ఉన్న ఏకశిల ఎలా లేచి ఉందో చెప్పమని కొందరు అడుగుతారు, కొందరు గాలి వింటూ ఉండిపోతామంటారు. క్రికెట్ వ్యాఖ్యానం మాత్రం ఎవరికీ అక్కర్లేదు.

వీటన్నిటికీ ఒక పరీక్ష ఉంది. ముందు సీటు కోరుకునే ప్రతి వ్యక్తీ కళ్లకు గంతలు కట్టుకుని అయిదు కిలోమీటర్లు వెనుక సీట్లో కూర్చోవాలి. మినహాయింపులు లేవు, ఎంత దూరం తొక్కిన వీరుడైనా సరే. ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన, సౌరఫలకాల కప్పున్న సైకిల్ దారి దీనికి సరైన చోటు. తెరిచినప్పుడు నానక్‌రామ్‌గూడ వైపు ఎనిమిదిన్నర, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, మొత్తం 23 కిలోమీటర్లు, మోటారు బళ్ల గొడవ లేదు. నెక్లెస్ రోడ్డు మీద ఆదివారం జనంలో సాధన చేస్తామనేవారికి నా దగ్గర జవాబు లేదు. ఆరు వారాల్లో ప్రతి జంట కనీసం యాభై సార్లు ఎక్కి, కదిలి, ఆగి, దిగాలి. దూరం తొక్కడం ఆ తరువాత.

దిగడం

రోడ్డు మీద రెండు రోజులు బాగా గడిపిన జంటలు కూడా చివరి నిమిషంలో పడిపోవడం చూశాను. హనుమకొండలో వేయిస్తంభాల గుడి ముందు ఎవరో ఫోను పట్టుకుని నిలబడతారు. ముందు మనిషి గెలిచినవాడిలా రెండు చేతులూ పైకెత్తుతాడు. హ్యాండిల్ వదిలేశాడని వెనుక మనిషికి తెలియదు. దాదాపు 160 కిలోల బరువు ఒక పక్కకు ఒరుగుతుంది.

ఆగండి, ‘బ్రేకు’ అని చెప్పండి, నేల మీద నిలబడండి, రెండు బ్రేకులూ పట్టుకోండి. నేల ఎలా ఉందో, ఎటు దిగాలో చెప్పండి. వెనుక మనిషి దిగి, ‘దిగాను’ అనేదాకా హ్యాండిల్ వదలకండి. ఫోటో తీసేవారు ఆగుతారు.