యాళి వెనక కాలు ఎదురు తిరగకుండా

పాలంపేట రామప్ప గుడి బ్రాకెట్ల మీది యాళి (సింహాన్ని పోలిన కల్పిత మృగం) లాంటి జంతువును గేములోకి తేవాలంటే చాలామంది తడబడేది వెనక కాలు దగ్గరే. వెనక్కి పొడుచుకొచ్చినట్టు కనిపించేది మోకాలు కాదు, మడమ. అసలు మోకాలు పైన, పొట్ట పక్కన ఉండి ముందుకు మడుస్తుంది. అందుకే బ్లెండర్ అనే 3డీ సాఫ్ట్‌వేర్‌లో తొడ, పిక్క, పాదం, వేళ్లు అని కాలికి 4 బోన్లు (బొమ్మను కదిలించే ఎముకలు) వేయండి. ఐకే (కాలి కొసను కదిపితే పై బోన్లు వాటంతటవే మడుచుకునే అమరిక) పిక్క బోన్‌కు పెట్టి, అది పిక్క, తొడ రెండింటికే పనిచేసేలా చెయిన్ లెంత్ 2 ఇవ్వండి. మోకాలి దగ్గర బోన్లను నిటారుగా వేయొద్దు, జర ముందుకు వంచి పెట్టండి. తిన్నగా ఉంటే ఎటు మడవాలో ఐకేకి తెలియదు, నడకలో కాలు టక్కున వెనక్కి విరుగుతుంది.

ఎడమ బోన్ల పేర్ల చివర డాట్ ఎల్ పెడితే సిమెట్రైజ్ కమాండ్‌తో కుడి కాలు దానంతట అదే వస్తుంది.

మెష్‌ను (జంతువు ఒంటి ఆకారాన్ని) ఆర్మేచర్‌కు (బోన్ల అస్థిపంజరానికి) జతచేసే ముందు రెండిటికీ కంట్రోల్ ఏ నొక్కి స్కేల్ అప్లై చేయండి. ఏ బోన్ ఒంట్లో ఏ భాగాన్ని ఎంత కదపాలో చెప్పే వెయిట్ పెయింట్ అయ్యాక, ఒక్కో చోట బోన్లు నాలుగు మించకుండా లిమిట్ టోటల్ 4, ఆ వెంటనే వెయిట్ల మొత్తం 1 అయ్యేలా నార్మలైజ్ ఆల్ ఇవ్వండి. గేము ఇంజిన్ యూనిటీ మామూలు సెట్టింగులో ఒక్కో వర్టెక్స్‌కు (మెష్ మీది బిందువుకు) 4 బోన్లనే లెక్కలోకి తీసుకుంటుంది. అంతకు మించితే బ్లెండర్‌లో నున్నగా కనిపించిన తొడ మొదలు యూనిటీలో ముడతలు పడొచ్చు. యూనిటీకి పంపే ఎఫ్‌బీఎక్స్ ఫైలు తీసేటప్పుడు యాడ్ లీఫ్ బోన్స్ టిక్కు తీసేయండి, లేకుంటే ప్రతి వేలి కొసకూ పనికిరాని బోన్ ఒకటి అదనంగా వస్తుంది.